విజయవాడ, గుంటూరుల్లో సబ్సిడీ అద్దె వసతి: ఎక్కడ అడగాలి, ఎలా దరఖాస్తు పెట్టాలి

పని కోసం విజయవాడ వచ్చినవాళ్ళు ముందు సింగ్‌నగర్, కృష్ణలంక, పటమట వీధుల్లో టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతారు. గుంటూరైతే బ్రాడీపేట, అరండల్‌పేట. నాలుగు పోర్షన్ల అద్దె, అడ్వాన్సు విన్నాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే: గవర్నమెంటువి ఏమైనా ఉన్నాయా? కొన్ని ఉన్నాయి. అయితే అన్నీ ఒకే ఆఫీసులో, ఒకే జాబితాలో దొరకవు. ఒక్కోదానికి ఒక్కో శాఖ, ఒక్కో అర్హత. మీది కాని గడప దగ్గర నెలల తరబడి తిరిగితే కాళ్ళ నొప్పులే మిగులుతాయి. అందుకే ముందు మీ దారి ఏదో తేల్చుకోండి.

ఒక విషయం మొదటే తెలియాలి. ప్రైవేటు ఇంట్లో ఉండేవాళ్ళ అద్దెలో కొంత ప్రభుత్వం కట్టే పథకం మన రాష్ట్రంలో లేదు. సబ్సిడీ ఇంటికి, హాస్టలుకి ఇస్తారు. ఆ ఇంట్లో, ఆ హాస్టల్లో చోటు దొరికితేనే దాని ఫలం మీకు అందుతుంది. "మీరున్న ఇంటికే అద్దె సబ్సిడీ ఇప్పిస్తాం, ఫైలు ఖర్చు ఇవ్వండి" అనేవాళ్ళకు రూపాయి కూడా ఇవ్వకండి.

కుటుంబానికి దూరంగా ఉండి ఉద్యోగం చేసే మహిళలకు సఖీ నివాస్ హాస్టళ్ళున్నాయి. ఏడాది ఆదాయం 6 లక్షల లోపున్న కుటుంబాలు, వలస కూలీలు, చిరుద్యోగులు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకంలోని అద్దె ఇళ్ళ విభాగాన్ని చూడాలి. చదువుకునే పిల్లలకు ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ హాస్టళ్ళున్నాయి. వాటికి కాలేజీలో అడ్మిషన్ అయిన వారంలోనే అడగాలి, తర్వాత సీట్లు మిగలవు. ఈ రాత్రికి తలదాచుకునే చోటు లేనివాళ్ళ కోసం నగరపాలక సంస్థల ఆధ్వర్యంలో నిరాశ్రయుల వసతి కేంద్రాలు నడుస్తాయి. అక్కడ అద్దె ఉండదు. ఎక్కడున్నాయో నగరపాలక సంస్థలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన), యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగాలవాళ్ళు చెబుతారు.

కాగితాలు: దరఖాస్తు చెడేది ఇక్కడే

ఎక్కువ దరఖాస్తులు ఆగిపోయేది అర్హత లేక కాదు, ఒక కాగితంలో ఉన్నది ఇంకో కాగితంతో కలవక. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరమే ఉంటుంది, జీతం సర్టిఫికెట్‌లో అసలు ఉండదు. కంప్యూటర్‌కి వీళ్ళు ముగ్గురు మనుషులు. అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి పేరు, పుట్టిన తేదీ, తండ్రి లేదా భర్త పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకుని, మిగతావాటిని దానికి కలపండి. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు మీ దగ్గరే ఉండాలి. ఊళ్ళో తమ్ముడి ఫోన్‌కి ఓటీపీ వెళుతుంటే మీసేవ కేంద్రంలో కూర్చున్నప్పుడు పని అక్కడే ఆగుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి ఇవి: ఇంట్లో అందరి ఆధార్ నకళ్ళు, ఆధార్ లింకైన బ్యాంకు ఖాతా పుస్తకం, తహసీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం, రైస్ కార్డు ఉంటే అది, వర్తిస్తే కుల ధ్రువపత్రం, పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పనిచేసేచోటు ఇచ్చిన సర్టిఫికెట్. వితంతువులు భర్త మరణ ధ్రువపత్రం, దివ్యాంగులు సదరం సర్టిఫికెట్, తోపుడు బండి మీద అమ్ముకునేవాళ్ళు నగరపాలక సంస్థ ఇచ్చిన వీధి వ్యాపారి గుర్తింపు కార్డు, భవన నిర్మాణ కార్మికులు సంక్షేమ బోర్డు కార్డు జతచేయండి. ప్రాధాన్యం ఇచ్చేటప్పుడు ఈ కార్డులకు విలువ ఉంటుంది.

ఆదాయ ధ్రువపత్రం కోసం మీరు ఇప్పుడుంటున్న వార్డు సచివాలయానికే వెళ్ళండి. రెవెన్యూ కార్యదర్శి విచారించి పంపుతారు, తహసీల్దారు కార్యాలయం జారీ చేస్తుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. రైస్ కార్డు లేదు కాబట్టి మనకేమీ రాదని వెనక్కి తగ్గుతారు. పట్టణంలో రైస్ కార్డుకి కుటుంబ ఆదాయ పరిమితి నెలకు 12,000 రూపాయలు, అంటే ఏడాదికి 1,44,000. ఆవాస్ యోజనలో ఆర్థికంగా బలహీన వర్గం పరిమితి ఏడాదికి 3 లక్షలు, అల్పాదాయ వర్గానికి 6 లక్షలు. నెలకు 20 వేలు తెచ్చుకునే ఆటోనగర్ మెకానిక్ కుటుంబానికి రైస్ కార్డు రాకపోవచ్చు, అద్దె ఇంటికి మాత్రం అర్హత ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రం చాలు.

అద్దె ఇళ్ళవాళ్ళను బాగా ఇబ్బంది పెట్టేది కరెంటు మీటరు. నెల సగటు వాడకం 300 యూనిట్లు దాటితే రైస్ కార్డు, దాని మీద ఆధారపడ్డ పథకాలు ఆగుతాయి. ఓనరు మూడు పోర్షన్లకు ఒకే మీటరు పెట్టి, పక్కన చిన్న సబ్ మీటర్లతో డబ్బు వసూలు చేస్తుంటాడు. ఆ సర్వీసు నంబరుకి మీ ఆధార్ జతయి ఉంటే మూడు కుటుంబాల ఫ్యాన్లు, మోటారు, ఓనరు ఏసీ అన్నీ మీ లెక్కలో పడతాయి. మీరు కాల్చింది 80 యూనిట్లే అయినా రికార్డు 400 చూపిస్తుంది. పాత ఇల్లు ఖాళీ చేసి ఏళ్ళయినా ఆ మీటరు మీ పేరున వేలాడుతుండొచ్చు. వార్డు సచివాలయంలో మీ ఆధార్ ఇచ్చి, ఏయే సర్వీసు నంబర్లు జతయ్యాయో చూపించమనండి. మీవి కాకపోతే బిల్లు నకలు, అద్దె ఒప్పందం పట్టుకుని కరెంటు సంస్థ ఏపీసీపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో అర్జీ ఇచ్చి తీయించుకోండి. అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోవడం మరవద్దు. ఈ పని ఇంటి దరఖాస్తుకు ముందే పూర్తి కావాలి. తిరస్కరణ వచ్చాక మొదలుపెడితే రెండు ఆఫీసుల మధ్య మీరే బంతి అవుతారు.

పెళ్ళయి వేరు కాపురం ఉంటున్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. సచివాలయం రికార్డుల్లో మీరు ఇంకా ఊళ్ళో అమ్మానాన్నల కుటుంబంలోనే ఉంటే వాళ్ళ డాబా ఇల్లు మీకు అడ్డం పడుతుంది. ఆవాస్ యోజన లెక్కలో కుటుంబమంటే భార్య, భర్త, పెళ్ళికాని పిల్లలు. కాబట్టి పెళ్ళి ధ్రువపత్రంతో కుటుంబ నమోదు విడదీయించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి.

సఖీ నివాస్: ఉద్యోగినులకు

కేంద్ర ప్రభుత్వ వర్కింగ్ విమెన్ హాస్టళ్ళ పథకమే ఇప్పుడు మిషన్ శక్తి కింద సఖీ నివాస్ పేరుతో నడుస్తోంది. బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల బోర్డులు కట్టుకున్న ప్రైవేటు లేడీస్ హాస్టళ్ళు వేరు, ఇవి వేరు. తేడా అద్దె కట్టే పద్ధతిలో ఉంది. ప్రైవేటు హాస్టల్లో మంచానికి ఒక రేటు. సఖీ నివాస్‌లో మీ జీతంలో శాతం: ఒక్కరే ఉండే గదికి 15 శాతం, ఇద్దరుండే గదికి 10 శాతం, ఎక్కువమంది ఉండే హాలుకి 7.5 శాతం మించి తీసుకోకూడదు. నెలకు 18,000 జీతమైతే ఒంటరి గదికి 2,700, ఇద్దరి గదికి 1,800, హాలులో మంచానికి 1,350 రూపాయలు దాటకూడదు. భోజనం, వాషింగ్ మెషిన్ వంటివాటికి ఛార్జీలు దీనికి అదనం. అడిగేటప్పుడు అద్దె ఎంత, మెస్ ఎంత అని విడివిడిగా అడిగి విడివిడి రసీదులు తీసుకోండి. రెండూ కలిపి ఒకే అంకె చెబితే శాతం లెక్క మీకు ఎప్పటికీ తేలదు.

జీతం పరిమితి మెట్రో నగరాల్లో నెలకు 50,000, మిగతాచోట్ల 35,000. మన దగ్గర 35 వేలు లెక్కపెట్టుకుని మొదలుపెట్టండి. పెళ్ళికానివాళ్ళు, వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు, విడిగా ఉంటున్నవాళ్ళు అర్హులు. పెళ్ళయినా భర్త, దగ్గరి కుటుంబం ఇదే ఊళ్ళో లేకపోతే చేర్చుకుంటారు. ఉద్యోగ శిక్షణలో ఉన్నవాళ్ళకు కూడా ఇస్తారు, అయితే వాళ్ళ సంఖ్య మొత్తం సీట్లలో 30 శాతం మించకూడదు. కాబట్టి శిక్షణలో ఉంటే ఇంకాస్త ముందు అడగాలి. పిల్లలతో వచ్చే తల్లులకూ చోటుంది. పగటిపూట పిల్లల్ని చూసుకునే కేంద్రం ఉందా, ఎంత వయసు దాకా ఉంచుకోనిస్తారు అన్నది చేరేముందే రాయించుకోండి.

అడగాల్సిన చోటు జిల్లా మహిళా, శిశు సంక్షేమ సాధికారత అధికారి కార్యాలయం. జనం నోట్లో ఐసీడీఎస్ పీడీ ఆఫీసు. విజయవాడవాళ్ళకు ఎన్టీఆర్ జిల్లా కార్యాలయం, గుంటూరువాళ్ళకు గుంటూరు జిల్లా కార్యాలయం. వెళ్ళే వీలు లేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, దగ్గర్లో ఈ పథకం కింద నడిచే హాస్టల్ ఏదని అడగండి. కొన్నింటిని స్వచ్ఛంద సంస్థలు నడుపుతాయి. అలాంటిచోట ఖాళీల వివరం హాస్టల్ వార్డెన్ దగ్గరే సరిగ్గా తెలుస్తుంది. దరఖాస్తుకి జీతం సర్టిఫికెట్, యజమాని ఇచ్చిన ఉద్యోగ ధ్రువీకరణ, ఆధార్, ఫోటోలు, ఊళ్ళో ఉన్న బంధువు లేదా సంరక్షకుల వివరాలు సిద్ధంగా పెట్టుకోండి.

బట్టల షాపులో, నర్సింగ్ హోమ్‌లో చేతికి జీతం తీసుకునేవాళ్ళకు జీతం సర్టిఫికెట్ దగ్గరే చిక్కు వస్తుంది. యజమాని లెటర్‌హెడ్ మీద మూడు వాక్యాలు చాలు: ఫలానా ఆమె ఫలానా తేదీ నుంచి మా దగ్గర ఫలానా పని చేస్తున్నారు, నెల జీతం ఇంత, కింద సంతకం, ముద్ర. జీతం తగ్గించి రాయించుకుంటే అద్దె తగ్గుతుందని ఆశపడవద్దు. బ్యాంకు స్టేట్‌మెంట్ అడిగితే బయటపడుతుంది, సీటు పోతుంది.

ఎన్నాళ్ళు ఉండొచ్చంటే, 3 ఏళ్ళు. ప్రత్యేక కారణాలుంటే జిల్లా యంత్రాంగం ఒక్కో విడతకు 6 నెలల చొప్పున పెంచొచ్చు, మొత్తం 5 ఏళ్ళు దాటకూడదు. మధ్యలో జీతం పరిమితి దాటితే 6 నెలల్లో ఖాళీ చేయాలి. అందుకని చేరినరోజు తేదీ రాసిపెట్టుకోండి. మూడో ఏడు సగానికి వచ్చేసరికి వేరే చోటు వెతకడం మొదలుపెడితే కంగారు ఉండదు.

ఆవాస్ యోజనలో అద్దె ఇళ్ళు

2020లో కరోనా వలసల తర్వాత కేంద్రం అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. 2024లో మొదలైన ఆవాస్ యోజన పట్టణ 2.0లో అది ఒక విభాగంగా కొనసాగుతోంది. పనిచేసేది రెండు రకాలుగా: ప్రభుత్వ నిధులతో కట్టి ఖాళీగా ఉన్న ఇళ్ళను అద్దెకు మార్చడం ఒకటి, సంస్థలు తమ స్థలంలో కొత్తగా కట్టి అద్దెకు నడపడం రెండోది. 2020 నాటి నిబంధనల్లో మొదటి అద్దెను స్థానిక సంస్థ సర్వే చేసి నిర్ణయిస్తుంది. పెంపు రెండేళ్ళకోసారి 8 శాతం, 5 ఏళ్ళలో మొత్తం 20 శాతం దాటకూడదు. మీకు ఒప్పందం ఇచ్చేటప్పుడు పెంపు షరతు ఎలా రాశారో దీనితో పోల్చి చూడండి.

ఈ విభాగంలో దరఖాస్తు పెట్టడమంటే ఇల్లు వచ్చినట్టు కాదు. మీ నగరంలో సముదాయం మంజూరై, కట్టడం పూర్తయ్యాకే కేటాయింపు. మరి ఇప్పుడే పెట్టడం ఎందుకంటే, ఊరికి ఎన్ని అద్దె ఇళ్ళు కావాలన్న లెక్క ఈ దరఖాస్తుల నుంచే వస్తుంది. అవసరం ఉన్నవాళ్ళంతా సొంత ఇంటి విభాగంలోనే పేర్లు రాయించుకుంటే అద్దె ఇళ్ళు అడిగినవాళ్ళే లేరని కాగితం చెబుతుంది. కూలికి వచ్చి నాలుగైదేళ్ళే ఉండేవాళ్ళకు సొంత ఇంటికన్నా అద్దె ఇల్లే నిజమైన అవసరం. అది రికార్డులో కనపడాలి.

పోర్టల్ చిరునామా పీఎంఏవైఎంఐఎస్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ లేని ఏ సైట్‌లోనూ ఆధార్ నంబరు కొట్టకండి. 2.0 దరఖాస్తు తెరిస్తే మొదట అర్హత ప్రశ్నలు వస్తాయి: రాష్ట్రం, ఏడాది ఆదాయం, ఏ విభాగం, దేశంలో ఎక్కడైనా మీ కుటుంబంలో ఎవరి పేరునైనా పక్కా ఇల్లు ఉందా, గత 20 ఏళ్ళలో ప్రభుత్వ గృహ పథకం లబ్ధి పొందారా. తర్వాత ఆధార్ ఓటీపీ, ఆపైన కుటుంబం, ఆదాయం, బ్యాంకు వివరాలు. విభాగం ఎంచుకునే దగ్గర కళ్ళు తెరిచి చూడండి. నాలుగుంటాయి: సొంత స్థలంలో కట్టుకునేది బీఎల్‌సీ, ఫ్లాటు కొనుక్కునేది ఏహెచ్‌పీ, అద్దెది ఏఆర్‌హెచ్, వడ్డీ రాయితీది ఐఎస్‌ఎస్. నెట్ సెంటర్ కుర్రాడు అలవాటుగా మొదటిది నొక్కేస్తాడు. అప్పుడు స్థలం పత్రం అడుగుతుంది, మీ దగ్గర ఉండదు, దరఖాస్తు సగంలో మూలుగుతుంది. పక్కన కూర్చుని ఏఆర్‌హెచ్ అని చెప్పి చేయించుకోండి. సచివాలయంలో సంక్షేమ కార్యదర్శి ద్వారా పెట్టించినా ఇదే మాట చెప్పండి.

పక్కా ఇంటి ప్రశ్నకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఊళ్ళో భార్య పేరున కాలనీ ఇల్లు ఉండి లేదని కొడితే ఆధార్ పరిశీలనలో పట్టుబడుతుంది, ఆ తర్వాత సరైన దరఖాస్తు పెట్టినా అనుమానంతోనే చూస్తారు. వితంతువులు, ఒంటరి మహిళలు, దివ్యాంగులు, వృద్ధులు, ట్రాన్స్‌జెండర్లు, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలకు ఈ పథకంలో ప్రాధాన్యం ఉంది. పారిశుధ్య కార్మికులు, వీధి వ్యాపారులు, భవన నిర్మాణ కార్మికులు, అంగన్‌వాడీ కార్యకర్తల మీద ప్రత్యేక దృష్టి పెట్టాలని కూడా ఉంది. మీకు వర్తించే గడి వదిలేయకండి.

పూర్తయ్యాక వచ్చే దరఖాస్తు నంబరును ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి. నంబరు పోతే ఆరా తీయడం కష్టం.

తర్వాత ఎలా వెంటపడాలి

అడగాల్సిన చోటు విజయవాడలో కెనాల్ రోడ్డులోని నగరపాలక సంస్థ కార్యాలయం, గుంటూరులో గాంధీ పార్కు దగ్గరి కార్యాలయం. హౌసింగ్ విభాగంలో నోటిమాటగా అడిగితే "చూస్తాం" అంటారు. రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద పౌర సమాచార అధికారికి తెల్ల కాగితం మీద ఇలా రాయండి: నగరపాలక సంస్థ పరిధిలో ఏఆర్‌హెచ్ కింద మంజూరైన ప్రాజెక్టులు, స్థలం, యూనిట్ల సంఖ్య, నిర్ణయించిన అద్దె, కేటాయింపు పద్ధతి తెలపగలరు. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు జతచేయొచ్చు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే కార్యాలయంలో పై అధికారికి మొదటి అప్పీలు. ఈ జవాబు మీ ఒక్కరికే కాదు, మీ వీధిలో అందరికీ పనికొస్తుంది.

దరఖాస్తు అకారణంగా ఆగిందనిపిస్తే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. మీటరు సంగతి, ఇంటి సంగతి, పింఛను సంగతి కలిపి రాస్తే ఏదో ఒక శాఖకు పంపి మూసేస్తారు. రసీదు నంబరుతో 1100కి ఫోన్ చేసి పరిస్థితి తెలుసుకోవచ్చు.

ఆలోపు కాలనీ ఇళ్ళలో అద్దెకు దిగేవాళ్ళు

జక్కంపూడి, వాంబే కాలనీ, గుంటూరు అడవితక్కెళ్ళపాడు వంటిచోట్ల ప్రభుత్వం కట్టిన ఇళ్ళు చౌకగా అద్దెకు దొరుకుతాయని చెబుతుంటారు. టిడ్కో (రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) కట్టిన ఇళ్ళు, అంతకుముందు జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అనే కేంద్ర పథకం కింద కట్టిన ఇళ్ళు లబ్ధిదారు సొంతానికి ఇచ్చినవి, సబ్సిడీ అద్దె ఇళ్ళు కావు. ఎవరైనా అద్దెకిస్తామంటే కేటాయింపు పత్రం చూపించమని, అద్దెకివ్వకూడదన్న షరతు ఉందేమో చదవండి. అధికారులు సర్వేకి వచ్చి లబ్ధిదారు లేడని తేల్చినప్పుడు సామాను బయట పడేది అద్దెకున్నవాళ్ళదే. ఇలాంటిచోట పెద్ద అడ్వాన్సు ఇవ్వవద్దు. ఇల్లే అమ్ముతామంటే అసలు ఒప్పుకోవద్దు.

సింగ్‌నగర్, వాంబే కాలనీ, జక్కంపూడి వైపు 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచింది. అక్కడ గ్రౌండ్ ఫ్లోర్ చూసేటప్పుడు కొత్త సున్నం చూసి తృప్తిపడకుండా తలుపు చెక్క అడుగుభాగం, అల్మరా వెనుక గోడ, స్విచ్ బోర్డు ఎత్తు చూడండి. పక్కింటివాళ్ళను నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయని అడిగితే గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అద్దె ఐదొందలు ఎక్కువైనా మొదటి అంతస్తు తీసుకోవడం మంచిది.

ఎక్కడ దిగినా అద్దె ఒప్పందం రాయించుకోండి. సాధారణంగా 11 నెలలకు రాస్తారు. అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలి, ఏ సర్వీసు నంబరు మీటరు, దిగిన రోజు రీడింగు ఎంత అన్నవి అందులో ఉండాలి. అద్దె ఫోన్‌పే చేస్తే మెసేజ్‌లో నెల పేరు రాయండి. ఓనరుకి ఆధార్ నకలు ఇవ్వాల్సివస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసి ఇవ్వండి, దాని మీద "అద్దె కోసం మాత్రమే" అని రాసి తేదీ వేయండి. ఇల్లు మారిన నెలలోనే సచివాలయంలో చిరునామా మార్పించుకోండి. పాత వార్డులో మీ పేరు ఉండిపోతే, అద్దె ఇంటి విచారణకు వచ్చినవాళ్ళు పాత గుమ్మం దగ్గర మీకోసం అడిగి, "ఇక్కడ ఎవరూ లేరు" అని రాసుకుని వెళ్ళిపోతారు.